ఎడమవైపు పడే విమానం

నా కుడి చెయ్యి నన్ను మొదటిసారి మోసం చేసింది ఒక ఉత్తుత్తి విమానంలో.

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోర్. ప్లైవుడ్‌తో యుద్ధవిమానం ముందు భాగం కట్టారు. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ, కింద ఇనప చట్రం, ఆ చట్రాన్ని అటూ ఇటూ ఊపడానికి నలుగురు మనుషులు. హీరోగారికి నడుం నొప్పి. కాబట్టి ఆయన హెల్మెట్ పెట్టుకుని, నల్ల అద్దం దించుకుని లోపల కూర్చున్నది నేను. నా కాళ్ళ మధ్య ఒక స్టిక్కు ఉంది. దాన్ని దేనికీ తగిలించలేదు. నేను లాగినట్టు నటించాలి, బయటివాళ్ళు చట్రం ఎత్తాలి, విమానం లేచినట్టు జనం నమ్మాలి. రెండు టేకులు బాగానే వచ్చాయి. తర్వాతి టేకులో నా వేళ్ళు వాటంతటవే స్టిక్కు మీంచి జారిపోయాయి. "గట్టిగా పట్టండి మాస్టారూ! పైలట్‌లా ఉండాలి, గేదె పాలు పితుకుతున్నట్టు కాదు" అని మైకులో అరిచాడు డైరెక్టర్. ఫ్లోరంతా నవ్వింది. నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం వేసింది, ఎందుకంటే నేను పట్టు వదల్లేదు. పట్టే నన్ను వదిలింది.

నేను ఫైటర్ని. అంటే సినిమాల్లో హీరో చేత తన్నులు తినేవాణ్ణి. గుంటూరు వైపు నుంచి వచ్చి, జీవితంలో సగం పైగా ఈ కొండల చుట్టూ పడుతూనే గడిపాను. మేడల మీంచి, జీపుల్లోంచి, అద్దాల్లోంచి పడ్డాను. జూబ్లీ హిల్స్‌లో నేను డూప్‌గా దూకిన మేడలు కొన్ని ఇప్పటికీ ఫిల్మ్‌నగర్ బస్తీలోని మా కిటికీలోంచి కనపడతాయి. మా పని జనం అనుకునేంత తేలిక కాదు. హీరో పిడికిలి మన దవడకు జానెడు దూరంలోంచి పోతుంది. అది ముక్కు దాటే క్షణంలోనే మన తల తిరగాలి. ముందే తిరిగితే దొరికిపోతాం, ఆలస్యమైతే హీరో చేతకానివాడిలా కనపడతాడు. హీరో చేతకానివాడిలా కనపడితే రేపటి నుంచి మనకు పనుండదు.

షాటు అయ్యాక కొందరు హీరోలు దగ్గరకొచ్చి, "దెబ్బేమైనా తగిలిందా?" అని అడుగుతారు. అడగనివాళ్ళే ఎక్కువనుకోండి. అడిగినవాళ్ళకి మా జవాబు ఒక్కటే. "లేదు సార్." పక్కటెముక విరిగి ఊపిరి అందకపోయినా "లేదు సార్" అనే అంటాం. ఇది ఏ మాస్టారూ నేర్పడు. ఫైటరన్న ప్రతివాడికీ మొదటి వారంలోనే వచ్చేస్తుంది.

నా చేతి కింద నేర్చుకున్నవాళ్ళలో ఎర్రగడ్డ ఏరియా కుర్రాడు ఒకడున్నాడు, మాకు వాడు ఎర్రగడ్డవాడే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. గుండె నిండా ధైర్యం, ఒళ్ళంతా రబ్బరు. ఒక్కటే లోపం. ఎటు నుంచి కొట్టినా ఎడమవైపే పడతాడు. చిన్నప్పుడు కుడి భుజం విరిగిందట, ఆ భయం. కెమెరా కుడివైపుందిరా గాడిదా, కుడివైపు పడరా అని కర్రతో కొట్టి మరీ చెప్పాను. "అయితలేదన్నా, మెదడు తిరుగుతుంది గానీ పెయ్యి తిరుగుతలేదు" అనేవాడు. చివరికి వాడి కోసం కెమెరానే అటు పెట్టించడం అలవాటు చేసుకున్నాం.

విమానం షాటు తర్వాత కొన్నాళ్ళకి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. బంజారా హిల్స్‌లో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన సుత్తితో మోకాలు కొట్టి, సూదులు గుచ్చి, ఏవేవో గీతలు చూసి, చివరికి మా ఆవిడ వైపు తిరిగి మొదలుపెట్టాడు. జబ్బు నాది, మాటలు ఆవిడతో. "నాతో చెప్పండి" అన్నాను కోపంగా. అప్పుడు చెప్పాడు. కండరాలకు కబురందించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. చేతులు, తర్వాత కాళ్ళు, తర్వాత మెడ, గొంతు. ఆపే మందు లేదు. నేనే అడిగాను, చేతులు ఎన్నాళ్ళుంటాయని. ఆయన తన చేతులకేసి చూసుకుని, "వాడుకున్నన్నాళ్ళు వాడుకోండి" అన్నాడు. ఇంత చదివి ఇదా చెప్పేది అనిపించింది. తిట్టబోయాను గానీ, ఆయన మొహం చూస్తే పాపం అంతకంటే తెలిసినట్టు లేదు.

ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాను. వారాలు అలాగే కూర్చున్నాను. ఎవరొచ్చినా విసుక్కున్నాను. అప్పుడు ఆ విమానం సినిమాకి గ్రాఫిక్స్ చేసిన జూబ్లీ హిల్స్ ఆఫీసాయన ఒకరోజు కారులో మా సందు చివరిదాకా వచ్చాడు. నా ఆకుపచ్చ గుడ్డ వెనకాల ఆకాశం అతికించింది ఆయనే. ఆఫీసులో సామాను మారుస్తున్నారట. పక్కన పెట్టేసిన కంప్యూటరు, కళ్ళకు కట్టుకునే వీఆర్ పెట్టె, డ్రైవరు చేత మోయించుకొచ్చాడు. యుద్ధవిమానం నడిపే ఆట ఒకటి అందులో వేసి ఉంచాడు. "ఆ రోజు మీరు లాగిన స్టిక్కు దేనికీ తగిలించి లేదు కదండీ. ఇందులో లాగితే నిజంగా లేస్తుంది" అన్నాడు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు. బొమ్మలాటలాడే వయసా నాది అనుకున్నాను.

ఆ పెట్టె కళ్ళకు కట్టుకున్నాక గానీ తెలియలేదు. మా రెండు గదుల ఇల్లు లేదు. చుట్టూ గాజు, గాజు అవతల మబ్బులు. తల తిప్పితే వెనక తోక కనపడుతోంది. కిందికి చూసుకుంటే నా ఒళ్ళో రెండు చేతులు. తోలు తొడుగులు వేసుకున్న, నిండైన, బలమైన చేతులు. అవి నావి కావని తెలుసు. అయినా ఏడుపొచ్చింది. ఆ వెంటనే వాంతి కూడా వచ్చింది. తర్వాత తెలిసింది, కళ్ళు ఎగురుతుంటే ఒళ్ళు కుర్చీలో ఉండిపోవడం వల్ల అలా అవుతుందట. మా ఆవిడ టేబుల్ ఫ్యాను తెచ్చి మొహానికి ఎదురుగా పెట్టింది. గాలి తగిలితే ఒంటికి తను ఎటు తిరిగుందో తెలుస్తుంది, వికారం తగ్గుతుంది.

అప్పుడు పుట్టింది నాకు కోరిక. ఈ చేతులు పోయేలోగా ఒక్క ఫైటు నిజంగా గెలవాలి. ఎవడు గెలవాలో ముందే పేపరు మీద రాసి ఉండని ఫైటు. బతుకంతా ఒకళ్ళ గెలుపు కోసం పడ్డాను. ఒక్కసారి ఎదుటివాడు నిజంగా నా దెబ్బకి పడాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

దానికి మంచి స్టిక్కు కావాలి. వీఆర్ పెట్టెతో వచ్చిన చేతి పిడులు పనికిరావు, గాల్లో పట్టుకుని ఊపాలి, నా చేతికి ఆసరా ఉండదు. ఎర్రగడ్డవాడు బండి మీద సికింద్రాబాద్ కంప్యూటర్ల బజారుకి తీసుకెళ్ళాడు. షాపువాడు ముందు లైట్లు వెలిగేవన్నీ తీశాడు. నేను కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే పట్టుకుని చూశాను. కత్తులూ కర్రలూ అలాగే ఎంచుకునేవాణ్ణి. చివరికి బరువుగా, స్ప్రింగు గట్టిగా ఉన్నదాన్ని పట్టుకున్నాను. "సార్, స్మూత్‌గా ఉన్నది తీసుకోండి, లాంగ్ టైం ఆడితే చెయ్యి పెయిన్ వస్తుంది" అన్నాడు షాపువాడు. పౌరుషం అడ్డొచ్చింది. ఫైటర్ని నేను, స్మూత్‌గా ఉన్నది ఆడపిల్లలకివ్వు అన్నాను. పక్కన నిలబడ్డ ఒక ఆడపిల్ల నాకేసి చూసి, అదే తీసుకుపోయింది.

పదిరోజుల్లో పౌరుషం దిగింది. మలుపు తిప్పేసరికి మణికట్టు వణికేది, స్ప్రింగు నన్నే వెనక్కి లాగేసేది. ఎర్రగడ్డవాడు స్టిక్కు అడుగు విప్పి, గట్టి స్ప్రింగు తీసి, మెత్తనిది వేసి తెచ్చాడు. తర్వాత కంప్యూటరు సెట్టింగుల్లో చిన్న వణుకుని లెక్కలోకి తీసుకోకుండా స్టిక్కు నడిమిన కాస్త జాగా మొద్దుగా వదిలాం. చెయ్యి కొంచెం కదిలిస్తే విమానం బాగా కదిలేలా పెట్టుకున్నాను. దానివల్ల గురి తప్పుతుంది. ఏం చేస్తాం, బలం లేనివాడికి గురి కూడా తక్కువే.

కళ్ళకు పెట్టె కట్టుకుంటే చేతి కింద మీటలు కనపడవు, తడిమి తెలుసుకోవాలి. మా ఆవిడ సినిమాలకి బట్టలు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. తుపాకీ గుళ్ళు పేల్చే మీట మీద చొక్కా గుండీ అంటించింది, రెక్కల మీట మీద గరుకు పట్టీ, చూపు సరిచేసే మీట మీద జాకెట్టు హుక్కు. కొత్త జెట్ విమానాల జోలికి పోలేదు. వాటిలో మీటలు లెక్కలేనన్ని, పైగా కనపడనంత దూరం నుంచి కొట్టుకుంటారు. అదేం ఫైటు? ముక్కున పంకా తిరిగే పాతకాలపు విమానాలే నాకు నచ్చాయి. ఎదుటివాడి తోక పట్టుకుని, వాడి ఒళ్ళు కనపడేంత దగ్గరికెళ్ళి కొట్టాలి.

మొదట కంప్యూటర్‌తో ఆడాను. దాన్ని ఓడించినా తృప్తి లేదు, దానికి ఓడిపోయానన్న సిగ్గు ఉండదుగా. మనిషి కావాలి. ఎర్రగడ్డవాడూ మరో ఇద్దరు ఫైటర్లూ వాళ్ళ వైపు ఉన్న ఒక ఆటల సెంటర్‌లో కూర్చుని, ఆదివారాలు నెట్‌లో నాతో ఆడటం మొదలుపెట్టారు. చెవుల్లో వాళ్ళ మాటలు వినపడేవి. "అన్నొచ్చిండు, పైలం రో!" అని అరిచేవాళ్ళు. మొదటి ఆదివారమే ఇద్దర్ని కూల్చాను. ఆ పై వారం ముగ్గుర్నీ. కళ్ళ పెట్టె తీసేసరికి చెమటతో తడిసిపోయి, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. ఆ నెలలో నేను ఎవర్నీ తిట్టలేదు. అన్నం తినిపిస్తుంటే కూడా విసుక్కోలేదు. నాకు మళ్ళీ పొద్దున్నే లేవాలనిపించేది.

ఒక ఆదివారం ఎర్రగడ్డవాడి తోక పట్టుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. మీట నొక్కాను. వాడి విమానం చక్కగా ఎడమవైపు ఒరిగి, తిరుగుతూ నేలకి పోయింది. ఎవరైనా చప్పట్లు కొట్టేంత అందంగా ఉంది ఆ పడటం. ఆ ఒరగడం నాకు తెలుసు. ఆ ఎడమ భుజం నాకు తెలుసు. నా గుళ్ళు వాడికి తగలలేదు, కుడివైపు నుంచి బారెడు దూరంలో పోయాయి. పిడికిలి ముక్కు దాటింది, వీడు తల తిప్పాడు.

అంతకుముందు గెలిచినవన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. అన్నీ పడటాలే. ముగ్గురూ ముందే మాట్లాడుకుని, వంతులు వేసుకుని, నా కోసం పడ్డారు. నన్ను హీరోని చేశారు. ఫైటు చేతకాని హీరోని, డూప్ లేకపోతే గడవని హీరోని.

సాయంత్రం వాడు మామూలుగా నన్ను చూడటానికి వచ్చాడు. చేతికందిన గ్లాసు విసిరేద్దామనుకున్నాను. అది కూడా వేళ్ళలోంచి జారి నా కాళ్ళ దగ్గరే పడింది.

"ఎప్పట్నించి పడుతున్నారురా?"

"ఏందన్నా?"

"నాకు డైలాగులు చెప్పకు. ఎప్పట్నించి?"

వాడు తల దించుకున్నాడు. "మొదటి సంది," అన్నాడు. "నీ మీదికి గన్ను పెట్టాలంటే చెయ్యి వస్తలేదన్నా. మస్తు ట్రై జేసిన. నువ్వు గెలిచినప్పుడు నవ్వుతుంటివి. గా నవ్వు ఇనాలని పడ్డం. గంతే."

"నా మీద జాలిపడే హక్కు నీకెవడిచ్చాడు?"

"నేను," అంది మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి. "నేనే అడిగాను వాళ్ళని. మీరు గోడకేసి చూస్తూ కూర్చున్నన్నాళ్ళు ఈ ఇంట్లో ఎలా బతికానో మీకు తెలుసా? మీరు నవ్వుతారంటే ముగ్గురేమిటి, ఫైటర్ల యూనియనంతటి కాళ్ళూ పట్టుకుంటాను. కోపం ఉంటే నా మీద చూపించండి."

చూపించాను. ఏమేమి అన్నానో ఇక్కడ చెప్పను. ఆవిడ ఏడవలేదు. కింద పడ్డ గ్లాసు తీసి, నీళ్ళు తుడిచి, లోపలికెళ్ళింది. ఎర్రగడ్డవాడు గోడకానుకుని నిలబడే ఉన్నాడు. అసలు వాళ్ళకి ఇంతకంటే ఏం తెలుసు? ఎవరైనా బాధలో ఉంటే పండో పైసో పట్టుకెళ్తారు జనం. ఫైటర్లకు వచ్చిన విద్య పడటం. అదే పట్టుకొచ్చారు. ఇంత ఆలోచన అప్పుడు నాకు రాలేదు. అప్పుడొచ్చింది కోపమే.

"చెయ్యి పూర్తిగా పోకముందు ఒక్క ఫైటు," అన్నాను వాడితో. "నువ్వూ నేనూ. నన్ను కూల్చగలిగితే కూల్చు. మళ్ళీ పడ్డావో, నా గడప తొక్కద్దు."

"ఒట్టన్నా," అన్నాడు వాడు. "ఇగ పడనే పడ."

కానీ ఆలోపే చెయ్యి తొందరపడింది. చూపుడువేలు మీట నొక్కడం మానేసింది. గుండీ అంటించినా, మీట ఎంత మెత్తగా ఉన్నా లాభం లేదు. కాళ్ళు ఇంకా నా మాట వింటున్నాయి కాబట్టి, తోక తిప్పడానికి కాలి పెడళ్ళు తెప్పించి, వాటిలో కుడి పెడల్ కొసని కాలి వేళ్ళతో నొక్కితే గుళ్ళు పేలేలా పెట్టుకున్నాను. ఎడమచెయ్యి ఇంజను మీట వదిలేసి స్టిక్కు దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ కలిపి పట్టుకుంటే గానీ స్టిక్కు వంగేది కాదు. టేబులుకి బిగించిన స్టిక్కుని విప్పించి, కుర్చీకి అడ్డంగా చెక్క వేసి, కాళ్ళ మధ్య పెట్టించాను, మోచేతులు తొడల మీద ఆనేలా. ఇక ఇంజను ఒక్క వేగంతోనే పోతుంది, పెంచడం తగ్గించడం లేదు. కళ్ళ పెట్టె బరువుకి మెడ వాలిపోతుంటే, మా ఆవిడ దాని వెనక పట్టీకి చిన్న ఇసుక మూట కుట్టింది. ముందు బరువుకి వెనక బరువు. మేమిద్దరం ఆ రోజుల్లో సరిగా మాట్లాడుకోవడం లేదు. అయినా కుట్టింది.

మధ్యాహ్నం పూట పెట్టుకున్నాం. ఎండ కిటికీలోంచి నా మోకాళ్ళ మీద పడుతోంది. కట్టుకోగానే ఎండా మోకాళ్ళూ పోయి, ఆ తోలు తొడుగుల చేతులు వచ్చాయి. అవి మాత్రం ఏమీ మారలేదు.

వాడు మాట నిలబెట్టుకున్నాడు. మొదటిసారి ఎదురెదురుగా దాటుకున్నామో లేదో, నా వెనక చేరి ముక్కలు చేసి వదిలాడు. నిజంగా దెబ్బ తగిలితే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. అందం చందం ఏమీ లేదు. రెక్క ఒకటి ఊడి, విమానం వంకరటింకరగా, ఎటు పడుతుందో దానికే తెలియకుండా కొట్టుకుంటూ పోయింది. రెండోసారీ అంతే. ఈసారి కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను, మంటలంటుకుని పోయాను. చెవుల్లో వాడి ఊపిరి వినపడుతోంది. ఒక్క మాట లేదు. నాకు లోపల గొప్పగా ఉంది. నా మీద జాలి లేనివాడు ఒకడున్నాడు ఈ లోకంలో. నేను ఓడిపోతున్నాను, అది నాదే, ఎవరూ రాసిచ్చింది కాదు.

"ఇంకొక్కటి," అన్నాను.

చేతులు అప్పటికే వణుకుతున్నాయి. పైకి వెళ్ళాను, వాడి కళ్ళు చెదిరేలా సూర్యుడి వైపు నుంచి దిగాను, పాత పైలట్ల ఎత్తుగడ. వాడు తిరిగాడు, నేనూ తిరిగాను. గిరగిరా ఒకరి తోక కోసం ఒకరం తిరుగుతున్నాం. ఒక్క మలుపులో వాడు ఆలస్యమయ్యాడు, వాడి రెక్కలు నా అద్దం నిండా పరుచుకున్నాయి. ఇంకొంచెం లాగాలి, గురి కుదరడానికి. లాగాను. చేతులు రాలేదు. రెండు చేతులూ కలిపి, మోచేతులు ఆనించి, పళ్ళు బిగబట్టి లాగాను. స్టిక్కు అక్కడే ఆగిపోయింది. కాలు మాత్రం తన పని తను చేసింది. గుళ్ళు పేలాయి.

వాడి విమానం కుడివైపు ఒరిగింది.

కుడివైపు. ఏళ్ళ తరబడి కర్రతో కొట్టినా రానిది. పిడికిలి ముక్కు దాటే క్షణంలో, అరక్షణం ముందూ కాదు వెనకా కాదు, కుడి రెక్క దించి, ఒక్కసారి తొణికి, పొగ లేకుండా, ముక్క ఊడకుండా, తిరుగుతూ కిందికి పోయింది. అంతటి పడటం నేను నా మొత్తం సర్వీసులో చూడలేదు. నేనూ పడలేదు.

"కొట్టినవన్నా!" అని అరిచాడు చెవిలో. "ఒట్టు! ఈసారి నువ్వే కొట్టినవ్!"

కళ్ళ పెట్టె కింద నాకు ఏమీ కనపడలేదు, కళ్ళు నిండిపోయాయి. వెనక మా ఆవిడ ఉందని తెలుసు. ఇప్పుడు నేను తల తిప్పాలి. ముందే తిప్పితే దొరికిపోతాను, ఆలస్యమైతే వాళ్ళిద్దరూ చేతకానివాళ్ళు అవుతారు. నాకు వచ్చిన విద్య కూడా అదొక్కటే. గెలిచినట్టు అరిచాను. గట్టిగా, ఇల్లు అదిరేలా అరిచాను. కుడి చెయ్యి పైకెత్తబోయాను, అది లేవలేదు, అయినా అరుస్తూనే ఉన్నాను. మా ఆవిడ వెనక నుంచి వచ్చి నా భుజాలు పట్టుకుంది. తన గడ్డం నా నెత్తి మీద ఆనించి నవ్వింది. పడటం చాలా తేలిక. గెలిచినట్టు నటించడం ఇంత కష్టమని, ఆ హీరోలెవరూ ఎప్పుడూ చెప్పలేదు.

అదే ఆఖరు. వానలు మొదలయ్యేసరికి రెండు చేతులూ ఒళ్ళో పెడితే పెట్టినచోటే ఉంటున్నాయి. కంప్యూటరు మీద మా ఆవిడ గుడ్డ కప్పింది. ఇదంతా నేను చెబుతుంటే ఫోనే రాసుకుంటోంది, గొంతు ఉన్నన్నాళ్ళు.

ఆ మధ్యాహ్నం అరుపులన్నీ ఆగాయి. వాడు లైనులోనే ఉన్నాడు. షాటు అయిపోయింది, హీరోని నేను. ఒక్క మాట అడగాలి కాబట్టి అడిగాను.

"దెబ్బేమైనా తగిలిందారా?"

"లేదన్నా," అన్నాడు.